బ్రౌజర్‌ను మీకు నచ్చినట్టు మార్చుకోవడం ఎలా? నేను ఇష్టంగా వాడే యాడ్-ఆన్లు, వాటిని అమర్చుకునే పద్ధతి

రోజులో ఎన్నో గంటలు బ్రౌజర్‌తోనే గడుస్తున్నా, చాలామంది దాన్ని వచ్చింది వచ్చినట్టే వాడుతుంటారు. యాడ్-ఆన్ అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్. క్రోమ్, ఎడ్జ్ వాడేవాళ్లు దీన్ని ఎక్స్‌టెన్షన్ అంటారు. సరైనవి నాలుగైదు పెట్టుకుంటే అదే బ్రౌజర్ మీ చేతికి అమరిపోతుంది. ఏది పడితే అది పెట్టుకుంటే మాత్రం బ్రౌజర్ బరువెక్కుతుంది, మీ సమాచారం ఎవరి చేతికో పోతుంది. అందుకే ఏం పెట్టుకోవాలి అన్నదానితో పాటు ఎలా ఎంచుకోవాలో కూడా చెబుతాను.

1. ముందు మీకు విసుగు తెప్పించేవి రాసుకోండి

'తప్పక ఉండాల్సిన యాభై యాడ్-ఆన్లు' లాంటి జాబితాల జోలికి వెళ్లకండి. కొన్నాళ్లు మామూలుగా బ్రౌజర్ వాడుతూ ఎక్కడ చిరాకు వస్తోందో గమనించండి. చదువుతున్న పేజీ మీదికి ఎగబాకే ప్రకటనలు, ప్రతి సైట్లో కుకీలకు (సైట్లు మీ బ్రౌజర్లో దాచే చిన్న సమాచారానికి) అనుమతి అడుగుతూ అడ్డొచ్చే పెట్టె, ఏది ఎక్కడుందో తెలియనన్ని ట్యాబులు, రాత్రిపూట కళ్లలో పొడిచే తెల్ల పేజీ... ఒక్కో విసుగుకు ఒక్కో యాడ్-ఆన్ చాలు.

వెతికే ముందు ఆ సౌకర్యం బ్రౌజర్‌లోనే ఉందేమో చూడండి. నిలువు ట్యాబులు ఎడ్జ్‌లో 2021 నుంచే ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో 2025 మార్చిలో వచ్చిన 136వ వెర్షన్‌తో వచ్చాయి. లోపలే ఉన్నదాని కోసం బయటివాళ్లను నమ్మాల్సిన పనిలేదు.

2. పెట్టే ముందు పర్మిషన్లు చదవండి

యాడ్-ఆన్‌ను ఎప్పుడూ బ్రౌజర్ సొంత స్టోర్ నుంచే తీసుకోండి. అసలైన పేరుకు ఒకటి రెండు అక్షరాలు కలిపి పెట్టే నకిలీలు స్టోర్లలో కూడా దొరుకుతాయి. కాబట్టి డెవలపర్ పేరు, చివరి అప్‌డేట్ తేదీ చూడటం అలవాటు చేసుకోండి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా స్టోర్లో 'రికమెండెడ్' అన్న గుర్తు ఉంటే, దాన్ని మొజిల్లా వాళ్లు ప్రత్యేకంగా పరిశీలించారని అర్థం.

ఇన్‌స్టాల్ నొక్కగానే ఒక చిన్న పెట్టె వస్తుంది. అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను ఇది చదవగలదు, మార్చగలదు అని అందులో ఉంటే ఒక్క క్షణం ఆగండి. మీరు బ్యాంకు పేజీ తెరిచినా, ఎవరికైనా మెయిల్ రాసినా ఆ యాడ్-ఆన్‌కు కనబడుతుందని దాని అర్థం. ప్రకటనలు ఆపేదానికి ఆ పర్మిషన్ అవసరమే, పేజీ రంగులు మార్చేదానికీ అవసరమే. కొత్త ట్యాబులో అందమైన ఫొటో చూపించేదానికి ఎందుకు? అలా అడిగితే వదిలేయండి.

ఇది ఉత్త భయం కాదు. వాడని ట్యాబులను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చే 'ది గ్రేట్ సస్పెండర్' ఒకప్పుడు క్రోమ్‌లో లక్షలమంది వాడిన మంచి ఎక్స్‌టెన్షన్. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్‌గా, అంటే హాని చేసే ప్రోగ్రామ్‌గా తేల్చి తొలగించింది. పెట్టుకున్న రోజున మంచిదైతే సరిపోదు, ఆ తర్వాత కూడా ఓ కన్నేసి ఉంచాలి. అప్‌డేట్ అయ్యాక ఏదైనా యాడ్-ఆన్ కొత్త పర్మిషన్ అడిగితే 'ఓకే' కొట్టేముందు ఎందుకు అడుగుతోందో చూడండి.

క్రోమ్, ఎడ్జ్‌లలో ఇంకో సదుపాయం ఉంది. ఎక్స్‌టెన్షన్ వివరాల్లో 'సైట్ యాక్సెస్' దగ్గరికి వెళ్లి, అన్ని సైట్లలో కాకుండా మీరు క్లిక్ చేసినప్పుడే, లేదా మీరు చెప్పిన సైట్లలోనే పనిచేసేలా పెట్టుకోవచ్చు. అప్పుడప్పుడు మాత్రమే వాడేవాటికి ఇలా పెట్టడం మంచిది.

3. మొదట యూబ్లాక్ ఆరిజిన్

ఒక్కటే పెట్టుకోమంటే నేను దీన్నే పెట్టుకుంటాను. రేమండ్ హిల్ 2014లో మొదలుపెట్టిన ఉచిత ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూడగలిగే) ప్రాజెక్టు ఇది. ప్రకటనలతో పాటు మిమ్మల్ని వెంటాడే ట్రాకర్లను కూడా ఆపుతుంది. అవేవీ డౌన్‌లోడే కావు కాబట్టి పేజీలు త్వరగా తెరుచుకుంటాయి, డేటా కూడా మిగులుతుంది.

పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ ఇప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో పనిచేస్తుంది. క్రోమ్ మాత్రం 2024, 2025ల్లో పాత తరహా ఎక్స్‌టెన్షన్లను దశలవారీగా ఆపేసింది. పాత పద్ధతిలో, పేజీ పంపే ప్రతి అభ్యర్థననూ ఎక్స్‌టెన్షనే చూసి, పోనివ్వాలో ఆపాలో అప్పటికప్పుడు తేల్చేది. కొత్త పద్ధతిలో ముందుగానే నియమాల జాబితాను బ్రౌజర్‌కు ఇవ్వాలి, ఆపే పని బ్రౌజర్ చేస్తుంది. ఆ పద్ధతికి తగ్గట్టు చేసినదే 'యూబ్లాక్ ఆరిజిన్ లైట్'. క్రోమ్ వదలలేనివాళ్లు దాన్ని పెట్టుకోండి, మామూలు వాడకానికి బాగానే ఉంటుంది. నా ఓటు మాత్రం ఫైర్‌ఫాక్స్‌కే.

పెట్టుకున్నాక చాలామంది దాన్ని అలా వదిలేస్తారు. రెండు పనులు చేస్తే దాని అసలు సత్తా తెలుస్తుంది.

మొదటిది, కుకీల పెట్టెలు రాకుండా చేయడం. టూల్‌బార్‌లో యూబ్లాక్ గుర్తు నొక్కి, గేర్ల బొమ్మ మీద క్లిక్ చేస్తే సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. 'ఫిల్టర్ లిస్ట్స్' ట్యాబులో 'కుకీ నోటీసెస్' విభాగం ఉంటుంది. అందులో టిక్ పెట్టి 'అప్లై చేంజెస్' నొక్కండి. ఆ పెట్టెలు చాలావరకు మాయమవుతాయి.

రెండోది, పేజీలో మీకు నచ్చని ముక్కను మీరే తీసేయడం. ఒక వార్తల సైట్లో పక్కన ఎప్పుడూ కదులుతూ ఉండే 'ఇవి కూడా చూడండి' పెట్టె ఉందనుకోండి. యూబ్లాక్ గుర్తు నొక్కి, డ్రాపర్ బొమ్మ ఎంచుకోండి. ఇప్పుడు మౌస్ ఎక్కడికి కదిపితే అక్కడి భాగం రంగు మారుతుంది. ఆ పెట్టె మొత్తం రంగులోకి వచ్చాక క్లిక్ చేయండి. కింద మూలన చిన్న కిటికీ వస్తుంది. ముందు 'ప్రివ్యూ' నొక్కి, అక్కర్లేనిదే పోయిందా, పక్కనున్న వ్యాసం కూడా పోయిందా చూడండి. ఎక్కువ పోతే స్లైడర్ కొంచెం జరపండి. సరిగ్గా కుదిరాక 'క్రియేట్'. ఇక ఆ పెట్టె ఎన్నిసార్లు వెళ్లినా కనిపించదు. మనసు మారితే సెట్టింగ్స్‌లో 'మై ఫిల్టర్స్' లోకి వెళ్లి ఆ వరుస చెరిపేస్తే మళ్లీ వస్తుంది. మెరుపు బొమ్మ కూడా ఇలాంటి పనే చేస్తుంది కానీ తాత్కాలికంగా, పేజీ రీలోడ్ అయితే అన్నీ తిరిగొస్తాయి.

ఇది ఉండగా మరో యాడ్ బ్లాకర్ పెట్టకండి, ఒకదాని పనికి ఇంకొకటి అడ్డం పడుతుంది. మీరు అభిమానించే సైట్ ప్రకటనల మీదే నడుస్తుంటే, అక్కడ పెద్ద పవర్ బటన్ నొక్కి దాన్ని ఆపేయండి. వాళ్లకూ నాలుగు రూకలు రావాలి.

4. ట్యాబులను దారిలో పెట్టండి

పైన వరుసగా పేరుకుపోయి, పేర్లు కూడా కనబడనంతగా నలిగిపోయే ట్యాబులకు ఫైర్‌ఫాక్స్‌లో రెండు మంచి మందులున్నాయి: 'ట్రీ స్టైల్ ట్యాబ్', 'సైడ్‌బెరీ'. ఏదో ఒకటి చాలు. ఒక పేజీలోంచి తెరిచిన లింకులు ఆ పేజీ కిందే, కొంచెం లోపలికి జరిగి కనిపిస్తాయి. ఒక విషయం గురించి పది పేజీలు తెరిస్తే అవన్నీ ఒకే కొమ్మ కింద ఉంటాయి. పని ఆగితే కొమ్మను ముడిచేయొచ్చు, పని అయిపోతే కొమ్మంతా ఒకేసారి మూసేయొచ్చు.

దీనికి తోడు మొజిల్లా వాళ్లదే 'మల్టీ-అకౌంట్ కంటైనర్స్' పెట్టుకోండి. ఆఫీసు మెయిల్, సొంత మెయిల్ ఒకే కిటికీలో, ఒకే సైట్లో, లాగౌట్ అవ్వకుండా పక్కపక్కన తెరవొచ్చు. ఒక్కో కంటైనర్ కుకీలు వేరుగా ఉంటాయి, ట్యాబు మీద రంగు గీత చూసి ఏది ఏదో గుర్తుపట్టొచ్చు. ఫలానా సైట్ ఎప్పుడూ ఫలానా కంటైనర్‌లోనే తెరుచుకోవాలని కూడా చెప్పొచ్చు.

5. కళ్లకు, చేతులకు

రాత్రిపూట చదివేవాళ్లకు, తెల్ల పేజీలను ముదురు రంగులోకి మార్చే డార్క్ రీడర్. వెలుతురు, కాంట్రాస్ట్ తగ్గించుకోవచ్చు, ఏదైనా సైట్లో రంగులు చెడితే ఆ ఒక్క సైట్‌కు ఆపేయొచ్చు. అంతకు మించి చెప్పాల్సిందేం లేదు.

సైట్ల అక్షరాల సైజు, ఫాంటు, వరుసల మధ్య ఖాళీ కూడా మీరే నిర్ణయించాలనుకుంటే స్టైలస్ ఉంది. కొద్దిగా సీఎస్ఎస్ (వెబ్ పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) రావాలి, లేదా వేరేవాళ్లు రాసిన స్టైల్ తెచ్చుకోవాలి. పేరు జాగ్రత్త: స్టైలిష్ అని పాతది ఒకటుంది. వాడేవాళ్లు ఏయే పేజీలు చూస్తున్నారో సేకరిస్తోందని బయటపడటంతో 2018లో దాన్ని ఫైర్‌ఫాక్స్, క్రోమ్ స్టోర్లలోంచి తీసేశారు.

కీబోర్డు ఇష్టపడేవాళ్లు విమియమ్ పెట్టుకుని చూడండి. 'ఎఫ్' నొక్కితే కనిపించే ప్రతి లింకు మీదా ఒకటి రెండు అక్షరాలు వస్తాయి, వాటిని కొడితే ఆ లింకు తెరుచుకుంటుంది. 'జె' కిందికి, 'కె' పైకి. అలవాటయ్యే వరకు కాస్త కష్టం, ఆ తర్వాత మౌస్ మీదికి చెయ్యి వెళ్లదు. సెట్టింగ్స్ పేజీల్లో, స్టోర్ పేజీల్లో ఇది పనిచేయకపోతే కంగారుపడకండి, అక్కడ యాడ్-ఆన్లను బ్రౌజరే రానివ్వదు.

6. పాస్‌వర్డులకు బిట్‌వార్డెన్

ఇది కూడా ఓపెన్ సోర్సే. పాస్‌వర్డు గుర్తుపెట్టుకోవడం ఒక్కటే దీని ఉపయోగం కాదు. సైట్ అడ్రస్ సరిపోతేనే ఇది పాస్‌వర్డు చూపిస్తుంది. అచ్చం అసలుదానిలాగే ఉన్న దొంగ పేజీలో మన కళ్లు మోసపోవచ్చు, ఇది పోదు. ఎప్పుడూ నింపే పేజీలో నింపనంటే, అడ్రస్ బార్ చదవాలని అర్థం. దీన్ని పెట్టుకున్నాక బ్రౌజర్ సొంత పాస్‌వర్డ్ సేవింగ్ ఆపేయండి, లేకపోతే రెండూ ఒకేసారి అడుగుతుంటాయి.

7. ఏదైనా సైట్ పనిచేయకపోతే

ముందు ఆ సైట్‌ను ప్రైవేట్ విండోలో తెరవండి. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప యాడ్-ఆన్లు అక్కడ పనిచేయవు. అక్కడ సైట్ బాగుంటే అనుమానం యాడ్-ఆన్ల మీదికి వెళ్తుంది. అయితే పాత కుకీలు కూడా అక్కడ ఉండవు కాబట్టి, అంతటితో తేల్చేయకండి. మామూలు విండోలో సగం యాడ్-ఆన్లు ఆపి చూడండి, బాగైతే ఆ సగంలోనే దొంగ ఉంది. అలా సగం సగం చేసుకుంటూ వెళ్తే త్వరగానే దొరుకుతుంది. బ్రౌజర్ మొత్తంగా నెమ్మదిస్తే ఫైర్‌ఫాక్స్‌లోనైనా క్రోమ్‌లోనైనా షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. ఏది ఎంత మెమరీ తింటోందో కనిపిస్తుంది.

ఫోన్లో కూడా ఇవి కావాలంటే ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ పెట్టుకోండి. 2023 డిసెంబర్ నుంచి అందులో వందల యాడ్-ఆన్లు అందుబాటులోకి వచ్చాయి, యూబ్లాక్ ఆరిజిన్, డార్క్ రీడర్ రెండూ ఉన్నాయి.

కంప్యూటర్ మార్చేటప్పుడు సింక్ (మీ ఖాతా ద్వారా బ్రౌజర్ అమరికలను ఇంకో కంప్యూటర్‌కు తెచ్చే సదుపాయం) ఉందిగా అని ధీమాగా ఉండకండి. యాడ్-ఆన్లు కొత్తదానిలోకి వస్తాయి కానీ, వాటి లోపల మీరు చేసుకున్న మార్పులన్నీ రాకపోవచ్చు. యూబ్లాక్ సెట్టింగ్స్ అడుగున ఉన్న 'బ్యాకప్ టు ఫైల్' నొక్కి ఒక ఫైలు దాచుకోండి. స్టైలస్‌లో 'ఎక్స్‌పోర్ట్' కూడా చేసిపెట్టుకుంటే, కొత్త కంప్యూటర్లో వాటిని మళ్లీ మొదటినుంచి అమర్చుకునే పని తప్పుతుంది.