పాత శాక్సోఫోన్‌కి ప్యాడ్లు వేసేముందు

పాత శాక్సోఫోన్ బాగుచేద్దామని కూర్చున్నవాళ్లు ముందుగా కొనేది ప్యాడ్ల సెట్టు, అంటే కీల కింద ఉండి రంధ్రాల్ని మూసే మెత్తటి బిళ్లలు. నా బల్ల మీద ఆ పెట్టె తెరుచుకునేది ముప్పాతిక పని అయ్యాకే. అంచు వంగిన రంధ్రం మీద, ఊగులాడే కీ కింద ఎంత మంచి ప్యాడ్ పెట్టినా గాలి కారుతూనే ఉంటుంది.

అసలు దాని మీద చెయ్యి వెయ్యొచ్చో లేదో మొదట తేల్చుకోండి. 1920ల నాటి అమెరికన్ వాయిద్యమైతే సీరియల్ నంబరు దగ్గర ఎల్ గానీ హెచ్ గానీ ఉందేమో చూడండి. ఎల్ అంటే లో పిచ్, మనం వాడే 440 హెర్ట్జ్ శ్రుతి. హెచ్ అంటే హై పిచ్, దాదాపు 457. మౌత్‌పీస్ ఎంత బయటికి లాగినా ఇది దారికి రాదు, రంధ్రాల మధ్య దూరాలే ఆ శ్రుతికి కొలిచి పెట్టినవి మరి. గోడకి అందంగా ఉంటుంది, తగిలించుకోండి.

విప్పేముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ముందు సూది స్ప్రింగుల్ని కొక్కేల నుంచి తప్పించాలి. నీలంగా మెరిసే ఆ ఉక్కు సూదులు తుప్పు పట్టకపోతే మార్చక్కర్లేదు. కీ ఊడగానే దాని రాడ్‌ని, అంటే కీ తిరిగే ఇరుసుని, మళ్లీ దాని గొట్టంలోకే దూర్చి పక్కన పెట్టండి, ఏది దేనిదో వెతుక్కునే బాధ ఉండదు. స్క్రూ కదలకపోతే తుప్పు వదిలించే నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. బలం చూపిస్తే స్క్రూ తల గాడి అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లే గతి.

శాక్సోఫోన్ ఒంటిని గోరువెచ్చటి నీళ్లలో, కాస్త సబ్బుతో కడిగి, స్ప్రింగుల దగ్గర తడి లేకుండా వెంటనే ఆరబెట్టండి. లాకర్, అంటే పైన పూసిన మెరుపు పూత, చెదిరిపోయి ఉంటే ఉండనివ్వండి. మెరుపు కోసం బఫింగ్ చక్రానికి ఇస్తే చెక్కడాలు చెరిగిపోతాయి, రంధ్రాల అంచులు పలచబడతాయి. నా మాట వింటే ఆ చక్రం జోలికే పోవద్దు.

ఇప్పుడు అసలు పని. సొట్టలు తీశాక, చదునైన లోహపు పలకని ఒక్కో రంధ్రం మీద ఆనించి, లోపల లైటు పెట్టి చూడండి. వెలుగు గీత కనిపించిన చోట అంచు కిందికి దిగిందన్నమాట. చాలామంది వెంటనే ఆకురాయి తీస్తారు. నేనైతే దిగిన చోటుని లోపలి నుంచి మెల్లగా పైకి నెడతాను. ఆ తర్వాత ఇంకా మిగిలితేనే, నాలుగు రుద్దులు. 1930ల కాన్ కంపెనీ వాయిద్యాల్లో మాత్రం ఆ నాలుగు కూడా వద్దు. వాటి అంచులు బయటికి చుట్టి ఉంటాయి, రుద్దితే ఆ చుట్టే తెగిపోతుంది. పాత మార్టిన్ కంపెనీ వాయిద్యాల్లో రంధ్రపు గొట్టాలు విడిగా చేసి మాటు వేసినవి. ఆ మాటు తినేసిన చోట గాలి కారితే కొత్త ప్యాడ్లు ఏం చేస్తాయి? వాటి దగ్గర మంట కూడా జాగ్రత్త.

తర్వాత కీలు. పట్టుకుని అటూ ఇటూ ఊపండి. గొట్టం పొట్టిదై దాన్ని పట్టి ఉంచే రెండు పోస్టుల (చిన్న స్తంభాల) మధ్య జారుతుంటే, రాడ్ లోపలే ఉంచి స్వెడ్జింగ్ పట్టకారుతో చుట్టూ నొక్కుతూ రావాలి. గొట్టం సన్నబడుతుంది, ఆ మేరకు సాగుతుంది. ఊపు పోయేదాకా, కానీ కీ తన బరువుకి తాను పడేంత తేలికగా.

ఇక ప్యాడ్లు. వెనకవైపు లక్క కరిగించి పూసి, కప్పుని, అంటే ప్యాడ్ కూర్చునే కీ గిన్నెని, బయటి నుంచి కొద్దిగా వేడిచేసి కూర్చోబెట్టండి. సిగరెట్ కాగితం సన్నగా కత్తిరించి ముందు, వెనక, పక్కల పెట్టి లాగి చూడండి. నాలుగు చోట్లా ఒకే పట్టు ఉండాలి. వెనకవైపు మొదట తగిలితే ప్యాడ్ మందం ఎక్కువ, ముందువైపు మొదట తగిలితే తక్కువ. క్లాంపు బిగించి లోతుగా గాడి పడేలా నొక్కడం నాకు నచ్చదు. తప్పు కప్పిపుచ్చడమే అది. పాత బ్యూషర్ కంపెనీ వాయిద్యాల్లో ప్యాడ్‌ని పట్టుకునే గుండీ ఉంటుంది. దాని కింద కప్పు మధ్యలో ఉన్న మేకుని కోసేయకండి.

సర్దుబాటు పై నుంచి కిందికి. పైన ఒక్కచోట కారితే కింది స్వరాలన్నీ చెడతాయి. కుడిచేతి ఎఫ్, ఈ, డి కీలు నొక్కినప్పుడు ఎఫ్ షార్ప్ కప్పు కూడా సరిగ్గా అదే క్షణంలో మూయాలి. చాలా పాతవాటిలో ఇందుకు స్క్రూ ఉండదు, కింద అంటించిన బెండుని (కార్క్‌ని) గరుకు కాగితంతో తగ్గించుకుంటూ పోవడమే. ఓపిక పోయేది ఇక్కడే.

చివరికి అట్టడుగు బి ఫ్లాట్‌ని నెమ్మదిగా ఊదండి. గట్టిగా ఊదితే ఏదైనా పలుకుతుంది. అది గుడగుడమంటే, లోపల లైటు పెట్టి చూసినా ఎక్కడా కారడం కనిపించకపోతే, మళ్లీ విప్పేముందు మౌత్‌పీస్ మార్చి చూడండి. 1920ల వాయిద్యాలు లోపలి ఖాళీ విశాలంగా ఉన్న మౌత్‌పీస్ కోసం తయారైనవి. ఇరుకైన కొత్తరకం పెడితే ఎంత బాగుచేసినా శ్రుతి పక్కకి పోతుంది.