మాయమైన జంతువుల నోటుబుక్కు రాయడం ఎట్ల?

మీ ఊళ్లో ఎనభై దాటిన తాతో అవ్వో ఉంటే ఈ ఆదివారమే పోయి పక్కన కూర్చోండి. ఇంకో పదేళ్లకు పోతే అడగడానికి మనిషి ఉండడు. నేను చిత్తూరు జిల్లా పలమనేరు పక్క ముప్పై ఏళ్లు పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా చేసి, రిటైరైనాక ఈ పనిలో పడినాను. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల తిరిగి ఇప్పుడు కనబడని జంతువుల లెక్క రాస్తా ఉండాను. నాలుగు నోటుబుక్కులు నిండినాయి. మొదటి బుక్కు సగం పనికిరాకుండా పోయింది. మీ బుక్కు అట్ల కాకూడదని ఇది రాస్తున్నాను.

దీనికంతా మొదలు చీతా. 1947లో కొరియా రాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ (కొరియా అంటే ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని పాత సంస్థానం, పైదేశం కాదు) రాత్రిపూట కారులో పోతూ మూడు మగ చీతాలను కాల్చినాడు. మన దేశంలో కడపటి చీతాలు అవేనని అందరూ రాస్తారు. 1952లో ప్రభుత్వం చీతా అంతరించిందని ప్రకటించింది. సరిగ్గా ఆ 1952లోనే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఒక చిన్న నోటు అచ్చయింది, చిత్తూరు జిల్లాలో చీతా కనబడిందని. అప్పుడు మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండాము. ఆ సంగతి చదివిన రోజే బజారుకు పోయి నోటుబుక్కు కొన్నాను.

కొని ఏం చేసినాను? నేరుగా ఒక తాత దగ్గరికి పోయి, "తాతా, చీతాను చూసినావా?" అనేసినాను.

"చూడకేం అబ్బోడా, మొన్న రాత్రి మా కుక్కను ఎత్తకపోయింది."

ఆయన చెప్పింది చిరుతను. తప్పు ఆయనది కాదు, నాది. మనకు చిరుత, చీతా, పులి మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినాయి. టీవీల్లోనే అలిపిరి దగ్గర చిరుత తిరుగుతోందని చెప్తూ పక్కన చీతా బొమ్మ వేస్తారు. అందుకని జంతువు పేరు మీరు ముందు ఎత్తకండి. "గొర్రెలు కాసేటప్పుడు దేనికి భయపడేవాళ్లు? దాన్ని మీరేమనేవాళ్లు?" అని అడగండి. వాళ్ల నోట్లో నుంచి వచ్చిన మాటనే రాసుకోండి, దిద్దకండి. అది ఏ జంతువో తర్వాత తేల్చుకోవచ్చు.

తేల్చుకోవడానికి గుర్తులు కావాల. చీతాకు కంటి నుంచి నోటిదాకా నల్లటి చార దిగుతుంది, కాటుక కారినట్టు. మచ్చలు నిండుగా, చుక్క పెట్టినట్టు ఉంటాయి. చిరుతకు మచ్చలు పువ్వు మాదిరి గుంపుగా ఉంటాయి. చీతా నడుము సన్నం, కాళ్లు పొడుగు, గోళ్లు పూర్తిగా లోపలికి పోవు కాబట్టి అడుగులో గోటి గుర్తు పడుతుంది. చంపిన మేకను చెట్టు మీదికి లాక్కపోయిందంటే అది చిరుతే, ఇంక అడగబళ్లేదు.

బొమ్మలు పట్టుకుపోండి. ఒక్కొక్క జంతువు ఒక్కొక్క కాగితం మీద, కింద పేరు లేకుండా. ఇర్రి (కృష్ణజింక), తోడేలు, దుమ్ములగొండి (హైనా), రేసుకుక్క (అడవికుక్క), అలుగు (ఒంటినిండా పొలుసులుండే జంతువు), దేవాంగపిల్లి, బట్టమేక పక్షి, రాబందు. వాటి మధ్యలో మన దేశంలో ఎప్పుడూ లేని జంతువు బొమ్మ ఒకటి పెట్టండి. నేను ఆస్ట్రేలియా కంగారూను పెడతాను. దాన్ని చూపించినప్పుడు "ఓ, ఇది మా చెరువు గట్టు మీదనే ఉండేది" అంటే ఆ మనిషి మీ మీద ప్రేమతో చెప్తున్నాడని అర్థం. కాఫీ తాగి, మంచీచెడ్డా మాట్లాడుకొని లేచి రండి.

సంవత్సరం అడిగితే ఎవరూ చెప్పలేరు. ఊరికి తెలిసిన సంగతులకు ముడిపెట్టండి. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయింది 1983. ఇందిరమ్మ పోయింది 1984. మా పక్క ఏనుగులు వచ్చింది కూడా ఆ పదేళ్లలోనే. రెండు వందల ఏళ్లుగా ఈ అడవుల్లో ఏనుగు లేదంటారు. అట్లాంటిది 1980లలో తమిళనాడు వైపు నుంచి మంద దిగి వచ్చింది, 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టినారు. "ఏనుగులు రాకముందా, వచ్చినాకనా?" అనే ఒక్క ప్రశ్నతో నాకు సగం లెక్కలు తెగినాయి. ఆడవాళ్లకైతే బిడ్డల కాన్పులు అన్నిటికన్నా మంచి క్యాలెండరు.

పులిచెర్ల అని పేరుంది కాబట్టి ఆడ పులులు ఉండేవని రాసేయకండి. ఊరి పేరు అడగడానికి సందు ఇస్తుంది, అంతే.

వేటాడినవాళ్లకే ఎక్కువ తెలుసు, వాళ్లే తక్కువ మాట్లాడతారు. వేటను ఆపిన 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వాళ్లకు బాగా గుర్తుంది. ఫోను జేబులో పెట్టేయండి, రికార్డు చేయకండి, పేరు రాయకండి. "కుందేలు, కౌజు పట్టే ఒక పెద్దాయన, వయసు ఎనభై పైన" అని రాసుకుంటే చాలు. ఇట్లాంటి ఒక వేటగాడే కలివికోడిని లోకానికి తిరిగి చూపించినాడు. 1848లో జెర్డాన్ దొర కనుక్కున్న ఆ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, పోయిందనుకున్నారు. 1986లో మన పక్కనున్న కడప జిల్లాలో, రెడ్డిపల్లె దగ్గర దొరికింది. పుస్తకాల్లో ఎనభై ఆరేళ్లు లేకుండా పోయిన పిట్ట, రాత్రిపూట పొదల్లో తిరిగే మనిషికి తెలిసిన పిట్టే.

అందుకే నా బుక్కులో "అంతరించింది" అనే మాటకు మూడు గళ్లు గీసినాను. ఊళ్లో లేదు. దేశంలో లేదు. లోకంలోనే లేదు. చీతా రెండో గడి. మన చీతా జాతి ఇరాన్‌లో ఇంకా కొన్ని మిగిలుండాయి. 2022లో నమీబియా నుంచి ఎనిమిది, మరుసటేడు దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తెచ్చినారు గానీ అవి ఆఫ్రికావి. మూడో గడిలో నేను ఇంతవరకూ ఏదీ రాయలేదు. గులాబీ తల బాతును డెబ్బై ఏళ్లకు పైగా ఖాయంగా చూసినవాళ్లు లేరు, అయినా అంతర్జాతీయ జాబితాలో దాన్ని ఇంకా అంతరించినదాని కింద వేయలేదు. వాళ్లే ఆగినప్పుడు నాకేం తొందర.

ఇంక "ఎందుకు పోయింది" అనే గడి. ఇక్కడే ఎక్కువసేపు కూర్చోండి. తోడేలు ఎందుకు పోయిందని అడిగితే మొదట అందరూ "కలికాలం" అంటారు. రెండోసారి అడిగితే "బీళ్లు దున్నినారు" అంటారు. మూడోసారికి బోర్లు ఎప్పుడు వేసినారో, మామిడి తోటలు ఎప్పుడు వచ్చినాయో, ఇర్రులు ఏ బీట్లో మేసేవో ఒక్కొక్కటే బయటికి వస్తాయి. చీతాదీ ఇట్లాంటి కథే, ఇంకా పెద్దది. మొగలాయిలకు ముందు నుంచే రాజులు అడవిలోని చీతాలను పట్టి, ఇర్రుల వేటకు మచ్చిక చేసినారు. అప్పట్లో బోనులో అవి పిల్లలు పెట్టేవి కావు. జహంగీరు కాలంలో ఒక్కసారి పెట్టిందని రాసుకున్నారు, అంతే. కాబట్టి కొత్తది కావాలంటే మళ్లీ అడవిలోనే పట్టాల. ఆపైన దొరల కాలంలో చంపితే బహుమానం. ఆపైన గడ్డి భూములు పొలాలయినాయి, ఇర్రులు తగ్గినాయి. ఒక్క తుపాకీ మీద తోసేస్తే కథ సగమే అవుతుంది.

రాబందు గడిలో కారణం రాయడానికి నేను ఎవర్నీ అడగబళ్లేదు.

గొడ్డు చస్తే తోలు తీసి ఊరి బయట వేసేవాళ్లు. మధ్యాహ్నానికి ఎముకలు మిగిలేవి. 1990లలో డైక్లోఫినాక్ సూదిమందు వచ్చింది. పొదుగు వాపుకు, జ్వరానికి, కుంటుకు అదే. చవక, పొద్దున వేస్తే సాయంత్రానికి ఆవు లేచి నిలబడేది. రైతు చేతులెత్తి దండం పెట్టేవాడు. ఎన్ని వేసినానో లెక్క లేదు. మందు ఒంట్లో ఉండగా గొడ్డు చస్తే, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుంటుంది. కారణం ఇదని 2004లో తేలింది, 2006లో పశువులకు ఆ మందు నిషేధించినారు. అప్పటికే దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిది పోయినాయి. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి, ఎట్ల కోలుకుంటుంది? దాని బదులు మెలాక్సికామ్ అనే మందు వేస్తే రాబందుకు ఏమీ కాదు. మీ ఇంట్లో పశువులుంటే అది అడిగి వేయించుకోండి. ఆ గడిలో "చెప్పినవారు" అనే చోట నా పేరు రాసుకున్నాను.

రెండు జాగ్రత్తలు. అలుగు, నక్షత్ర తాబేలు ఇంకా ఉండే చోటు తెలిస్తే ఆ గుట్ట పేరు ఎక్కడా పెట్టకండి, దొంగలు కూడా చదువుతారు. శేషాచలం అంచుల్లో సంచి, నోటుబుక్కు పట్టుకొని ఒంటరిగా తిరగకండి. ఎర్రచందనం మనిషి అనుకుంటారు. నన్ను ఒకసారి రెండు గంటలు కూర్చోబెట్టినారు, చివరికి కంగారూ బొమ్మ చూసి నవ్వి వదిలిపెట్టినారు.

రాసింది నెల తర్వాత తీసుకుపోయి వాళ్లకే చదివి వినిపించండి. పుంగనూరు పక్క ఒక అవ్వకు చదివితే, కళ్లు మూసుకొని విని, మధ్యలో ఆపింది. "రాబందులు ఆఖరుగా దిగింది మా పెద్దోడి పెండ్లప్పుడు కాదు నాయనా, దాని ముందేడు. మా కర్రావు చచ్చింది ఆ ఏడే. సూది కూడా నువ్వే వేసినావు."

కొట్టేసి, ముందేడు అని రాసినాను.