భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తులు – 4వ పాఠం: నగ మీద 916

పోయిన పాఠం చివర 3/8ని దశాంశంగా మార్చమన్నాను. జవాబు 0.375. మూడు అంకెలకే భాగహారం ముగిసిపోయింది కదా, ఈసారి ముగియని భాగహారం ఒకటి చూద్దాం. ఇంట్లో ఈమధ్య కొన్న నగ ఏదైనా ఉంటే లోపలి వైపు తిప్పి చూడండి. సన్నటి అక్షరాల్లో 22కె916 అని ఉంటుంది.

బంగారం స్వచ్ఛతను 24 భాగాల లెక్కన చెబుతారు. 22 క్యారెట్లంటే 24 భాగాల్లో 22 మేలిమి బంగారం, మిగతా 2 రాగి, వెండి లాంటివి. భిన్నంగా 22/24, సూక్ష్మ రూపంలో 11/12. ఇప్పుడు 11ని 12తో భాగించండి. క్యాలిక్యులేటర్ వద్దు, మనకు శేషాలు కనబడాలి. 110లో 12 తొమ్మిదిసార్లు పోతుంది, శేషం 2. 20లో ఒకసారి, శేషం 8. 80లో ఆరుసార్లు, శేషం మళ్ళీ 8. ఇక పెన్ను కింద పెట్టేయొచ్చు. వచ్చిన శేషమే మళ్ళీ వస్తే ఆ తర్వాతి అంకె కూడా అదే వస్తుంది. 0.91666… ఆ ఆరుకు అంతు లేదు.

వెయ్యి భాగాల్లో చెబితే ఇది 916.66… హాల్‌మార్క్‌లో చుక్క తర్వాతది వదిలేసి 916 అంటారు. 18 క్యారెట్లకు ఈ గొడవ లేదు. 18/24 అంటే 3/4, అంటే 0.75, ముద్ర 750. తేడా అంతా హారంలో ఉంది. సూక్ష్మ రూపంలో హారానికి 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేకపోతే దశాంశం ఎక్కడో ఒకచోట ఆగుతుంది. 4 అంటే 2×2. 12లో మాత్రం 3 దూరింది.

14 క్యారెట్లు 7/12, అంటే 0.58333… ముద్ర 583 ఉండాలి అనిపిస్తుంది, కానీ 585 వేస్తారు. అది ప్రమాణంగా పెట్టుకున్న అంకె, మన భాగహారం తెచ్చిన అంకె కాదు. కాబట్టి ముద్ర చూసి వెనక్కి భిన్నం కట్టకండి.

ఇక నిష్పత్తి. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. 22 క్యారెట్లలో బంగారానికీ ఇతర లోహాలకూ నిష్పత్తి 11:1. అది చూసి “ఇతర లోహం పదకొండో వంతు” అనేస్తారు. కాదు, పన్నెండో వంతు. భిన్నం భాగాన్ని మొత్తంతో పోలుస్తుంది. ఈ నిష్పత్తి భాగాన్ని భాగంతో పోలుస్తోంది. మొత్తం కావాలంటే రెండు వైపులా కూడాలి: 11+1=12. అలాగే 18 క్యారెట్లు 3:1, 14 క్యారెట్లు 7:5.

ఒక లెక్క చేద్దాం. 12 గ్రాముల 22 క్యారెట్ గొలుసు, 4 గ్రాముల 18 క్యారెట్ దుద్దులు కలిపి కరిగించారు. వచ్చే ముద్ద ఎన్ని క్యారెట్లు? సగటు తీసి 20 అంటే తప్పు, ఎందుకంటే బరువులు సమానం కావు. గొలుసులో మేలిమి 11 గ్రాములు, దుద్దుల్లో 3. మొత్తం 16 గ్రాముల్లో 14 గ్రాములు, అంటే 7/8, అంటే 21 క్యారెట్లు.

మనం చేసిన పని గమనించారా? 11/12, 3/4 తీసుకుని పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడాం. భిన్నాల కూడికలో ఇలా చేస్తే మాస్టారు సున్నా వేస్తారు. ఆ కూడిక జవాబు 5/3, 7/8 కాదు. ఇక్కడ మాత్రం చెల్లింది, ఎందుకంటే మనం భిన్నాలను కూడలేదు, గ్రాములను కూడాం. పైన రాసినవి మేలిమి గ్రాములు, కింద రాసినవి మొత్తం గ్రాములు. అదే దుద్దుల బరువు 8 గ్రాములైతే 3/4 బదులు 6/8 అని రాసుకోవాలి, జవాబు 17/20కి మారుతుంది. భిన్నంగా 3/4, 6/8 ఒకటే. కరిగించే మూసలో ఒకటి కావు.

అభ్యాసం: 16 గ్రాముల 18 క్యారెట్ నగ ఉంది. దాంట్లో ఎన్ని గ్రాముల మేలిమి బంగారం కలిపితే 22 క్యారెట్లు అవుతుంది? భిన్నాలతో మొదలుపెడితే సమీకరణం రాయాల్సి వస్తుంది, నిష్పత్తితో నోటి లెక్కే. కలిపేది మేలిమి కాబట్టి ఇతర లోహాల బరువు మారదు, అక్కడ మొదలుపెట్టండి. జవాబు చూసి లెక్క తప్పిందేమోనని టెన్షన్ పడొద్దు: నగ బరువుకు రెండింతల బంగారం, 32 గ్రాములు కావాలి. అదెలా వచ్చిందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో తరుగు, మజూరీలతో శాతాలు మొదలుపెడదాం.