నేల బల్లిని కాలివేళ్లు చూసి గుర్తుపట్టండి

మా చిత్తూరు వైపు గుట్టల్లో రాళ్ల కింద, ఎండుటాకుల్లో తిరిగే చిన్న బల్లి ఒకటుంది. టార్చ్ వెలుగులో కనిపించగానే విషప్పురుగు అనుకుని చెప్పుతో కొట్టేస్తారు. నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే దానికి విషమే లేదు.

ముందు ఇంట్లో గోడబల్లిని చూడండి. రాత్రి అది కిటికీ అద్దం ఎక్కినప్పుడు అవతలి వైపు నుంచి గమనిస్తే, వేళ్ల కింద వెడల్పాటి మెత్తల మీద రెండు వరసల్లో సన్నటి మడతలు, మగదైతే తొడల కింద చుక్కల్లా వరసగా రంధ్రాలు కనిపిస్తాయి. నేల బల్లికి ఆ మెత్తలు లేవు, వేళ్లు సన్నగా, వంకరగా ఉండి చివర గోరు ఉంటుంది, అందుకే అద్దం ఎక్కలేదు. మగవాటికి తొడల కింద రంధ్రాలూ ఉండవు.

ఈ రెండు లక్షణాలూ కలిస్తే అది దాదాపుగా గెకోయెల్లా గుంపుదే. గెక్కోనిడే అనే బల్లుల కుటుంబంలో సిర్టోడాక్టిలస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఉంది, 300కి పైగా జాతులున్న పెద్ద ప్రజాతి, గ్రీకులో ఆ పేరుకు అర్థమే వంకర వేలు. గెకోయెల్లా అందులో ఒక ఉపప్రజాతి, అంటే దాని లోపలి చిన్న గుంపు. ఒకప్పుడు దీన్ని విడి ప్రజాతిగా లెక్కేసేవాళ్లు కాబట్టి పాత పుస్తకాల్లో పేరు వేరుగా కనిపిస్తే తికమక పడకండి.

అక్కడితో ఆగండి. ఫోటో చూసి జాతి పేరు పెట్టేయకండి, పొలుసుల లెక్క, డీఎన్ఏ చూడకుండా అది తేలదు. 2016లో బల్లుల పరిశోధకుడు ఇషాన్ అగర్వాల్ ఈ గుంపులో రెండు కొత్త జాతుల్ని వర్ణించారు, ఒకటి మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీది, పేరు కూడా రిషివ్యాలీయెన్సిస్. మన గడప పక్కనే ఉన్న బల్లికి అంత ఆలస్యంగా పేరు వచ్చిందంటే ఇంకా ఎన్ని మిగిలాయో!

తిరుమల కొండల్లోని బంగారు బల్లితో దీన్ని కలపొద్దు, అది బండల పగుళ్లలో ఉండేది, వేళ్ల చివర పెద్ద మెత్తలుంటాయి.

వెతకాలంటే రాత్రిపూట, ఊరి పక్క గుట్టల దగ్గరే, తోడు మనిషితో, బూట్లు వేసుకుని వెళ్లండి. శేషాచలం అడవిలోకి అనుమతి లేకుండా పోవద్దు. రాయిని అవతలి అంచు పట్టుకుని మీ వైపు ఎత్తండి, కింద తేలో పామో ఉంటే అవతలికి పోతుంది. బల్లిని మాత్రం పట్టుకోకండి, తోక తెగిపోతుంది. వేళ్లు కనిపించేలా దగ్గరగా ఒక ఫోటో తీసుకుని, రాయిని ఎలా ఉందో అలాగే మెల్లగా పెట్టేయండి, అది దాని ఇల్లు.