రామేశ్వరం వెళ్తున్నారా? ఏది ముందో, ఏది తర్వాతో తెలుసుకుని వెళ్లండి

రామేశ్వరంలో ఏమేం చూడాలో అందరికీ తెలుసు. ఏ వరుసలో చూడాలన్నదే చాలామంది పట్టించుకోరు. రామనాథస్వామి గుడిలో స్ఫటికలింగ దర్శనం తెల్లవారుజామున గంటసేపే ఉంటుంది. గుడిలోని 22 బావుల దగ్గర చేసే తీర్థస్నానాల తడిబట్టలతో గర్భాలయం వైపు పంపరు. గుడి మధ్యాహ్నం 1 గంటకు మూస్తే మళ్లీ 3కే తెరుస్తారు. ద్వీపం కొసన ఉన్న ధనుష్కోటి దారిలో సాయంత్రం 5 దాటితే బండ్లను లోపలికి వదలరు. ఈ నాలుగింటినీ దృష్టిలో పెట్టుకుని బయలుదేరితే మొదటి రోజు మధ్యాహ్నానికే గుడి పని పూర్తవుతుంది. లేకపోతే మూడు రోజులున్నా ఏదో ఒకటి మిగిలిపోతుంది. రెండు రాత్రులు ఉండేలా చూసుకుంటే హడావుడి పడక్కర్లేదు.

చేరుకోవడం, బస

తిరుపతి నుంచి రామేశ్వరానికి నేరుగా ఎక్స్‌ప్రెస్ ఉంది. విశాఖపట్నం, విజయవాడ మీదుగా వెళ్లే భువనేశ్వర్–రామేశ్వరం రైలు వారానికి ఒక్కసారే. ఇవి కుదరకపోతే చెన్నై నుంచి రాత్రి బండి ఎక్కవచ్చు, లేదా మదురై చేరుకుని అక్కణ్నుంచి రోడ్డు మార్గాన వెళ్లవచ్చు. మదురై నుంచి దాదాపు 170 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటలు పడుతుంది. రామేశ్వరం ద్వీపాన్ని ప్రధాన భూభాగంతో కలిపే 1914 నాటి పాత పాంబన్ వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆగిపోయాయి. దాని పక్కనే కట్టిన కొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6న ప్రారంభించారు కాబట్టి రైళ్లు మళ్లీ ద్వీపం దాకా వెళ్తున్నాయి. అయితే గాలి మితిమీరితే వంతెన మీద రైళ్లను నిలిపేస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, వాయుగుండాలు వచ్చేదీ అప్పుడే. ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు తిరుగు ప్రయాణానికి ఒక పూట వెసులుబాటు ఉంచుకోవాలి. రైలు ఆగిపోతే బస్సులో రామనాథపురమో మదురైయో చేరుకుని అక్కడ బండి పట్టుకోవడమే దారి.

బస విషయంలో చూసుకోవాల్సింది ఒక్కటే: గది తూర్పు గోపురానికి, దాని ఎదుటి సముద్రతీరమైన అగ్నితీర్థానికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. స్నానాలయ్యాక బట్టలు మార్చుకుని మళ్లీ గుడికి రావాలి కదా. బస్టాండు గుడికి సుమారు 2 కిలోమీటర్ల దూరం. అక్కడ గది చవగ్గా దొరికిందని దిగితే తడిబట్టలతో ఆటో బేరమాడుతూ నిలబడాల్సి వస్తుంది. తెలుగువాళ్ల సత్రాలు కూడా ఉన్నాయి, ముందే ఫోన్ చేసి చెప్పుకుంటే మంచిది. ఆషాఢ అమావాస్య, మహాలయ అమావాస్య, మన చొల్లంగి అమావాస్య, శివరాత్రి రోజుల్లో గది లేకుండా వెళ్లవద్దు. చిన్నపిల్లలుంటే అసలు ఆ తేదీలే వద్దు.

తెల్లవారుజాము: స్ఫటికలింగం

గుడి 5 గంటలకు తెరుస్తారు. 5 నుంచి 6 వరకు స్ఫటికలింగానికి పాలాభిషేకం, దర్శనం. దీనికి టికెట్టు వేరు. నాలుగున్నరకల్లా వరుసలో ఉండాలి. గదిలో స్నానం చేసి పొడిబట్టలతోనే వెళ్లాలి. ‘తీర్థాలు ఆడకుండా దర్శనమేమిటి’ అని పెద్దవాళ్లు పట్టుబడుతుంటారు. కానీ 22 బావులూ ఆడి, బట్టలు మార్చుకుని 6 లోపు స్వామి ముందుకు రావడం కుదిరే పని కాదు. స్ఫటికలింగాన్ని చూసుకుని బయటికొచ్చి, తీర్థాలాడి, మళ్లీ ప్రధాన దర్శనానికి వెళ్లడమే సరైన పద్ధతి. రెండుసార్లు లోపలికి వెళ్లినందుకు దోషమేమీ లేదు.

సెల్‌ఫోన్లు గుడిలోకి అనుమతించరు. గదిలో వదిలేసి వెళ్లడం మేలు. గుడి దగ్గర భద్రపరిచే చోట ఇస్తే, తిరిగి తీసుకోవడానికి ఇంకో వరుసలో నిలబడాలి.

సముద్రం, ఆ తర్వాత 22 బావులు

ముందు అగ్నితీర్థం, అంటే తూర్పు గోపురానికి ఎదురుగా ఉన్న సముద్రం. ఇది పాక్ జలసంధి వైపు తీరం. అక్కడ లోతు తక్కువ, అలలు పెద్దగా ఉండవు. పెద్దవాళ్లు కూడా నడుంలోతు వరకు దిగి మునగవచ్చు. ఇబ్బందల్లా కాళ్ల కిందే. విడిచిన బట్టలు సముద్రంలో వదిలేస్తే పాపం పోతుందని ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ గుడ్డలన్నీ అడుగున పేరుకుని కాళ్లకు చుట్టుకుంటాయి. మీరు వదలకండి, అడుగు తీసి అడుగు వేసేటప్పుడు తడుముకుంటూ వెయ్యండి. తర్పణాలు, పిండప్రదానం చేయించుకోవాలంటే స్నానానికి ముందే పురోహితుడితో సంభావన ఎంతో, అందులో ఏయే సామగ్రి కలిసి ఉందో తేల్చుకోవాలి. తెలుగు వచ్చిన పురోహితులు దొరుకుతారు. నీళ్లలోకి దిగాక బేరం కుదరదు.

ఒడ్డునే కొందరు మీ చుట్టూ మూగుతారు. 22 బావులూ త్వరగా చేయిస్తామని మనిషికి వందలు అడుగుతారు. తీర్థస్నానానికి దేవస్థానం టికెట్టు 25 రూపాయలు. కౌంటరు ఎటో తెలియకపోతే తడిబట్టల జనం ఎటు వెళ్తుంటే అటే నడవండి. రద్దీ లేని రోజున ఆ మధ్యవర్తుల అవసరమే ఉండదు. రద్దీ రోజున, నడవలేని పెద్దవాళ్లు ఉంటే, వాళ్లలో ఒకరిని గుంపు మొత్తానికి కలిపి మాట్లాడుకోవడం తప్పేమీ కాదు. ఎంతన్నది ముందే ఖాయం చేసుకోండి, టికెట్లు అందులో కలిశాయో లేదో అడగండి.

లోపల తీర్థాలకు ఒక వరుస ఉంది. మహాలక్ష్మి, సావిత్రి, గాయత్రి, సరస్వతి, సేతుమాధవ, గంధమాదన, కవాక్ష, గవయ, నల, నీల, శంఖ, చక్ర, బ్రహ్మహత్యావిమోచన, సూర్య, చంద్ర, గంగ, యమున, గయ, శివ, సత్యామృత, సర్వ, చివరగా కోటి తీర్థం. దాదాపు ప్రతి బావి గట్టు మీదా ఒక మనిషి చేదతో నీళ్లు తోడి నెత్తిన కుమ్మరిస్తాడు. గుంపుగా నిలబడితే ముందున్నవాళ్ల మీద చేదెడు, వెనకున్నవాళ్ల మీద చుక్కలు పడతాయి. ముగ్గురు నలుగురుగా విడిపోయి గట్టుకు దగ్గరగా నిలబడండి. రద్దీ లేకపోతే గంట, గంటన్నరలో అయిపోతుంది. అమావాస్య నాడు ఎంతసేపయినా పట్టవచ్చు.

ఇక్కడ జరిగే ప్రమాదాల్లో ఎక్కువ జారిపడటమే. రాతి నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, బావి నుంచి బావికి జనం పరుగులు పెడుతుంటారు. పట్టుచీర, బరువైన చీర వద్దు: తడిస్తే కాళ్లకు అడ్డం పడుతుంది. ఆడవాళ్లకు ముదురు రంగు చుడీదారు, మగవాళ్లకు మోకాళ్ల కిందికి వచ్చే పంచె సౌకర్యం. తెల్లటి పల్చని బట్టలు తడిస్తే ఒంటికి అంటుకుపోయి ఇబ్బంది. నగలు, పర్సు, కళ్లద్దాలు గదిలోనే ఉండాలి. టికెట్టు, కాస్త డబ్బు మాత్రం చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. 22 సార్లు నెత్తి తడవడం ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లకు మంచిది కాదు. వాళ్లు గట్టు దగ్గర చెయ్యి చాపి ‘తలమీద చల్లితే చాలు’ అంటే చల్లుతారు. మాట రాకపోయినా సైగ చాలు.

కోటితీర్థం అయ్యాక గదికి వెళ్లి పూర్తిగా పొడిబట్టలు కట్టుకోండి. తువ్వాలు చుట్టుకుని పైన తడి బనియన్‌తో వచ్చినా వెనక్కి పంపిస్తారు. గది దూరమైతే గుంపులో ఒకరు తీర్థాలకు రాకుండా పొడిబట్టల సంచితో బయట ఉండాలి. మిగతావాళ్లు వచ్చాక ఆ ఒక్కరూ తీర్థాలకు వెళ్తారు.

ప్రధాన దర్శనం

ధర్మదర్శనం ఉంది, డబ్బు కట్టి వెళ్లే ప్రత్యేక వరుసా ఉంది. మామూలు రోజున ధర్మదర్శనమే చాలు. రామలింగం సీతమ్మ ఇసుకతో చేసినది, విశ్వలింగం హనుమంతుడు తెచ్చినది. ముందు పూజ విశ్వలింగానికే. ఆ సన్నిధి రామలింగానికి ఉత్తరాన ఉంది. జనం తోపులాటలో దాన్ని దాటేసి వచ్చేవాళ్లు ఎక్కువ. తర్వాత పర్వతవర్ధిని అమ్మవారిని చూసుకోవాలి. 1212 స్తంభాల మూడో ప్రాకారాన్ని మాత్రం ఈ తొందరలో చూడవద్దు. మధ్యాహ్నం 3కు గుడి తెరిచాక మళ్లీ రండి. జనం పల్చబడి ఉంటే ఒక చివర నుంచి ఇంకో చివర దాకా కనిపిస్తుంది.

కాశీ యాత్ర చేసేవాళ్ల లెక్క వేరు. ముందు సేతువు దగ్గర పిడికెడు ఇసుక తీసుకుని, ఆరబెట్టి గుడ్డలో మూటకట్టి, ప్రయాగలో గంగలో కలుపుతారు. అక్కడి గంగనీళ్లు తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయిస్తేనే యాత్ర పూర్తయినట్టు. అభిషేకానికి నీళ్లను రాగి, ఇత్తడి లేదా కంచు పాత్రలో తీసుకెళ్లాలి. ఇనుప, రేకు డబ్బాల్లో నీళ్లు తీసుకోరు.

ధనుష్కోటి

రెండో రోజు ఉదయాన్నే వెళ్లండి. ఊరి నుంచి కొస అయిన అరిచల్‌మునై దాకా 20 కిలోమీటర్లు పైనే. టౌన్ బస్సు ఉంది, ఆటోలూ జీపులూ ఉన్నాయి. ఆటో మాట్లాడేటప్పుడు అరిచల్‌మునై దాకా అని స్పష్టంగా చెప్పాలి. లేకపోతే 1964 డిసెంబరు తుఫానులో కూలిన చర్చి, రైల్వే శిథిలాల దగ్గరే తిప్పేస్తారు. దారిలో విభీషణ పట్టాభిషేకం జరిగిందని చెప్పే కోదండరామాలయం వస్తుంది, అక్కడ దిగవచ్చు. అక్కణ్నుంచి ముందుకు నీడ అనేదే లేదు: గొడుగు, మనిషికి లీటరు నీళ్లు తప్పనిసరి.

కొస దగ్గర రెండు సముద్రాలు కలుస్తాయి, మహోదధి (బంగాళాఖాతం) ఒకవైపు, రత్నాకరం (హిందూ మహాసముద్రం) ఇంకోవైపు. ఒకవైపు చెరువులా నిశ్చలంగా, రెండోవైపు పోటెత్తుతూ కనిపిస్తుంది. ఏది ప్రశాంతంగా ఉంటుందన్నది కాలాన్ని బట్టి మారుతుంది. నైరుతి రుతుపవనాల్లో దక్షిణం వైపు, ఈశాన్య రుతుపవనాల్లో ఉత్తరం వైపు కెరటాలు పెద్దవి. నిశ్చలంగా ఉన్న వైపును కూడా నమ్మవద్దు. కొస దగ్గర ప్రవాహం బలంగా లాగుతుంది, కాలికింద ఇసుక ఒక్కసారిగా తెగిపోతుంది. స్నానానికి అగ్నితీర్థం ఉండనే ఉంది. ఇక్కడ కాళ్లు తడుపుకుని, నీళ్లు నెత్తిన చల్లుకుంటే చాలు.

శంఖాల అంగళ్లలో ఒక మాట. దక్షిణావర్త శంఖమని వేలకు వేలు చెప్పి అమ్మేవాటిలో చాలామటుకు వేరే జాతి గుల్లలే. అసలు శంఖానికి నోటి లోపల, మధ్య కాడ మీద 3–4 మడతలు వేలికి తగులుతాయి. నున్నగా ఉంటే అది శంఖం కాదు. పగడపు ముక్కలు, ఎండిన సముద్రపు గుర్రాలు, ‘తేలే రామసేతు రాళ్లు’ అని ఇచ్చే పగడపు దిబ్బల రాళ్లు మాత్రం కొనవద్దు. పగడం, సముద్రపు గుర్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. సంచిలో దొరికితే కేసు పడేది అమ్మినవాడి మీద ఒక్కడి మీదే కాదు.