డీసీఆర్ తర్వాత కన్ను మళ్లీ కారుతోందా?

కన్నీరు ముక్కులోకి దిగే దారి మూసుకుపోయినప్పుడు చేసే ఆపరేషన్ డీసీఆర్ (డాక్రియోసిస్టోరైనోస్టమీ). దీన్ని ముక్కులోంచి ఎండోస్కోపుతో (సన్నని కెమెరా గొట్టంతో) చేసేటప్పుడు కన్నీటి సంచికీ ముక్కుకూ మధ్యనున్న ఎముకను కొంత తీసి, నీరు దిగడానికి కొత్త దారి వేస్తారు. సాధారణంగా నూటికి 85 నుంచి 95 మందికి ఫలితం నిలుస్తుంది. కన్ను మళ్లీ చెమర్చగానే ఆపరేషన్ పాడైందనుకుని శ్రీకాకుళంలో విశాఖ బస్సెక్కకండి. ముందు కారుతున్నదేమిటో చూడండి.

పుసి కడుతోంది, ముక్కు వైపు కంటి మూల నొక్కితే చీము వస్తోంది

దారి మూసుకుందనడానికి గట్టి గుర్తు ఇదే. ఇది ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లో జరుగుతుంది. ఏడాది తర్వాతా తెరిచే ఉన్న దారి పూడుకోవడం తక్కువ. మానే గాయంలో కండ పెరిగి దారిని కప్పేయడం, ముక్కు లోపలి భాగాలు ఒకదానికొకటి అతుక్కోవడం, మొదటే ఎముక చాలినంత తీయకపోవడం మామూలు కారణాలు.

కంటి మూల రంధ్రంలోంచి సెలైన్ ఎక్కించి చూస్తారు. గొంతులోకి దిగకుండా వెనక్కి వస్తే ఎండోస్కోపుతో ముక్కులో చూసి అడ్డు తీస్తారు, లేదా మళ్లీ డీసీఆర్ చేస్తారు. రెండోసారి ఫలితం కాస్త తక్కువే అయినా చేయించుకోదగ్గదే. మందుల షాపులో చుక్కలు కొని నెలలు నెట్టుకురావడం మాత్రం దండగ: చీము తగ్గుతుంది గానీ దారి తెరుచుకోదు. మూల వాచి ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

అడ్డు రెప్పలోని సన్నని నాళాల్లో ఉంటే మామూలు డీసీఆర్ చాలదు. ఏ చోట మూసుకుందో డాక్టరును అడిగి తెలుసుకోండి.

తేట నీరే కారుతోంది, సెలైన్ గొంతులోకి దిగుతోంది

దారి బాగానే ఉంది. పెద్ద వయసులో కింది రెప్ప వదులై, కన్నీటిని లోపలికి తోసే పట్టు తగ్గి ఉండవచ్చు. అప్పుడు రెప్పను బిగించే చిన్న ఆపరేషన్ ఉంది. కన్ను పొడిబారినా నీరు కారుతుంది, వింతే అయినా నిజం. దానికి కంటిని తడిగా ఉంచే చుక్కలు వాడాలి.

పలాసలో జీడిపిక్కలు కాల్చే చోట పనిచేసేవారికి రెండు కళ్లూ పనివేళల్లోనే కారితే ముందు పొగను అనుమానించండి. కళ్లద్దాలు, గాలి ఆడే చోటు చూసుకోండి.

సిలికాన్ ట్యూబు మూలలోంచి బయటికి జారింది

కొత్త దారి మూసుకోకుండా ఆపరేషన్‌లో కొందరికి పెట్టే సన్నని గొట్టమిది. లాగవద్దు, కత్తిరించవద్దు. చెంపకు టేపుతో అంటించి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ముక్కు చీదితే కంట్లోంచి గాలి

దారి తెరిచి ఉందన్నమాట. దీనికి చికిత్స అక్కర్లేదు, గట్టిగా చీదకుంటే చాలు.