క్వాడ్ బైక్ మీద కొండ దారుల్లోకి వెళ్తున్నారా?

గైడ్‌తో కలిసి క్వాడ్ బైక్ (బైకులా ఎక్కి కూర్చుని నడిపే నాలుగు చక్రాల బండి) టూర్‌కి వెళ్లేవాళ్లు, బయల్దేరే ముందు చదునైన చోట కాసేపు నడిపి చూస్తామని తప్పకుండా అడగండి. నాలుగు చక్రాలున్నాయి కదా, పడిపోదులే అనుకుంటారు చాలామంది. అక్కడే ప్రమాదం. 300 కిలోల దాకా తూగే బండి వాలులో ఒరిగితే చేతులతో ఆపలేం.

దీని యాక్సిలరేటర్ సాధారణంగా బైకులో లాగా తిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కే చిన్న మీట. గతుకుల్లో ఒళ్లు ఊగినప్పుడు వేలు తెలియకుండానే గట్టిగా నొక్కేస్తుంది, బండి ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. మిగతా నాలుగు వేళ్లతో హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుని బొటనవేలిని వదులుగా ఉంచండి.

బండి కొండ ఎక్కేటప్పుడు ముందుకి వంగాలి, కొండ దిగేటప్పుడు వెనక్కి జరగాలి, వాలుకి అడ్డంగా వెళ్లేటప్పుడు ఒళ్లు కొండ వైపుకి వాల్చాలి. దిగుడులో న్యూట్రల్ వద్దే వద్దు. తక్కువ గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, బండి ఒరుగుతోందని కాలు కింద పెట్టకండి. బైకు అలవాటున్నవాళ్లకి ఇది నిజంగా కష్టం, కానీ వెనక చక్రం ఆ కాలు మీదకే ఎక్కేస్తుంది.

చీలమండ కప్పే బూట్లు, దుమ్ముకి కళ్లద్దాలు ఉండాలి. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో క్వాడ్ బైక్ ఉందో లేదో ముందే చూసుకోండి, కొన్ని పాలసీల్లో ఉండదు. కొత్తవాళ్లయితే గైడ్ వెనకే చోటు అడగండి. దుమ్ము తక్కువ, ఆయన మలుపు ఎలా తీసుకుంటున్నాడో కళ్లెదుటే కనిపిస్తుంది.